మిద్దె మీద కుండీల్లో బెర్రీలు: దసరా నుంచి ఎండాకాలం దాకా ఏం చేయాలి

దసరా వెళ్ళి, వానలు ఆగి, తెల్లవారుజామున ఫ్యాన్ తగ్గించుకునే రోజులు వచ్చాయంటే హైదరాబాద్‌లో స్ట్రాబెర్రీ నాటుకునే సమయం వచ్చినట్టే. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. స్ట్రాబెర్రీ పెంచి విసిగిపోయినవాళ్ళలో చాలామంది మొక్కను తప్పు నెలలో కొన్నవాళ్ళే. ఫిబ్రవరిలో నర్సరీకి వెళ్తే ఎర్రటి పండు వేలాడుతున్న మొక్క కనిపిస్తుంది. ముచ్చటపడి తెచ్చుకుంటారు, ఆ ఒక్క పండూ ఇంటిల్లిపాదీ పంచుకుంటారు, ఏప్రిల్‌కల్లా ఆకులు మాడిపోతాయి. "మన ఎండలకు ఇవి రావులే" అని కుండీని మూలకు తోసేస్తారు.

వస్తాయి. డిసెంబర్, జనవరిల్లో మన దగ్గర పగలు 28, 29 డిగ్రీలు, రాత్రి 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. స్ట్రాబెర్రీకి అది చాలు. కాకపోతే ఆ చలి రెండున్నర, మూడు నెలలే కాబట్టి మొక్క అప్పటికే వేళ్ళూని సిద్ధంగా ఉండాలి. అందుకే దసరా, దీపావళి మధ్య నాటమంటాను.

కుండీల్లో ఏ బెర్రీ వేయాలి అన్న ప్రశ్నకు జవాబు మీ కుళాయి నీళ్ళలోనూ, గోడ మీద క్యాలెండర్‌లోనూ ఉంటుంది. ఈ రెండూ చూసుకోకుండా ఎంత మంచి మొక్క తెచ్చినా, ఎంత ఖరీదైన ఎరువు వేసినా దిగులే మిగులుతుంది. మిద్దె తోట కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు స్ట్రాబెర్రీ, మల్బరీ, కేప్ గూస్‌బెర్రీ, ఈ మూడింటితో మొదలుపెట్టండి. బ్లూబెర్రీ గురించి చివర్లో చెబుతాను. రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ మన మైదాన ప్రాంతాల ఎండకు తట్టుకోవడం కష్టం. ముళ్ళు గుచ్చుకోవడం తప్ప పెద్దగా పండ్లు రావు. వాటి మీద డబ్బు పెట్టకండి.

మొదటి పని: నీళ్ళు చూసుకోండి

మట్టి కంటే ముందు నీళ్ళ గురించి చెప్పడం వింతగా అనిపించవచ్చు. కానీ స్ట్రాబెర్రీ ఉప్పును అస్సలు ఓర్చుకోదు. టమాటా, వంకాయ, గోంగూర మన బోరు నీళ్ళతో హాయిగా పెరుగుతాయి. అదే నీళ్ళు స్ట్రాబెర్రీకి పోస్తే నెల తిరిగేసరికి ఆకుల అంచులు గోధుమరంగులోకి మారి ఎండుతాయి. అది చూసి నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోస్తాం, ఉప్పు ఇంకా చేరుతుంది. కుండీ అంచుల మీద, మట్టి పైన తెల్లటి పొర కడుతోందంటే కారణం అదే.

వాటర్ ఫిల్టర్ బాగుచేసే వాళ్ళ దగ్గర ఉండే టీడీఎస్ మీటర్, అంటే నీళ్ళలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో అంకెలో చూపేది, ఒకటి కొనుక్కోండి. పెద్ద ఖర్చు కాదు, ఏళ్ళ తరబడి పనికొస్తుంది. మీ నీళ్ళలో ఆ అంకె 450 లోపు ఉంటే నిశ్చింతగా స్ట్రాబెర్రీ వేయండి. దాటిందంటే జాగ్రత్త పడాలి. మంజీరా, కృష్ణా నీళ్ళు వచ్చే ఇళ్ళవాళ్ళు కుళాయి వచ్చినప్పుడు ఒక డ్రమ్ము విడిగా పట్టుకుంటే సరిపోతుంది. బోరు మీదే ఆధారపడిన కాలనీల్లో చాలాచోట్ల ఆ అంకె వెయ్యికి దగ్గరగానో, పైగానో ఉంటుంది. అలాంటివాళ్ళు సెప్టెంబర్, అక్టోబర్ వానల్లో మిద్దె నీళ్ళను మూత ఉన్న డ్రమ్ముల్లోకి పట్టి దాచుకోండి. మొదటి పది నిమిషాల వాన దుమ్ముతో సహా పోనిచ్చి తర్వాతి నీళ్ళు పట్టాలి. మూత బిగుతుగా లేకపోతే దోమలు చేరతాయి, అది ఇంకో తలనొప్పి. పది మొక్కలకు చలికాలంలో రోజుకు మూడు నాలుగు లీటర్లు చాలు కాబట్టి, రెండు పెద్ద డ్రమ్ములు నిండితే సీజన్ చాలావరకు గడిచిపోతుంది.

ఇక్కడ ఒక అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. ఆర్వో మెషిన్ నుంచి బయటికి పోయే నీళ్ళను వృథా చేయకూడదని చాలా ఇళ్ళలో బకెట్‌కు పట్టి మొక్కలకు పోస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ తాగే నీళ్ళలోంచి తీసేసిన ఉప్పంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది. అంట్లు తోమడానికో, ఇల్లు తుడవడానికో వాడండి. బెర్రీ కుండీల దగ్గరికి మాత్రం రానివ్వకండి. ఎండాకాలంలో ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు అందుకు పూర్తిగా భిన్నం, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. వాటిని నిరభ్యంతరంగా పోయవచ్చు.

కుండీ, మట్టి

స్ట్రాబెర్రీ వేళ్ళు లోతుకు పోవు. చాలావరకు పై ఆరు అంగుళాల్లోనే ఉంటాయి. కాబట్టి ఎనిమిది అంగుళాల లోతు ఉన్నది ఏదైనా పనికొస్తుంది. విడి కుండీ అయితే ఒక్కో మొక్కకు ఎనిమిది అంగుళాల కుండీ. పొడవాటి తొట్టి అయితే మొక్కకూ మొక్కకూ జానెడు దూరం. నాకు అన్నిటికంటే నచ్చింది థర్మాకోల్ పెట్టె. చేపల మార్కెట్లో, పండ్ల దుకాణాల్లో పాతవి దొరుకుతాయి. శుభ్రంగా కడిగి అడుగున బొటనవేలు పట్టేంత రంధ్రాలు ఏడెనిమిది పెట్టండి. మధ్యాహ్నం ఎండకు నల్ల ప్లాస్టిక్ కుండీ చుర్రుమంటుంది, థర్మాకోల్‌లో వేళ్ళు చల్లగా ఉంటాయి. చూడ్డానికి అందంగా ఉండదు, ఆ మాట నిజమే.

మట్టి కలపడం ఇలా: బాగా కడిగిన కొబ్బరిపొట్టు రెండు పాళ్ళు, వర్మీకంపోస్ట్ ఒక పాలు, ఎర్రమట్టి ఒక పాలు. పది లీటర్ల మిశ్రమానికి ఒక గుప్పెడు వేపపిండి. నల్లరేగడి వాడకండి, నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి.

కొబ్బరిపొట్టు కడగమన్నది మాటవరసకు చెప్పింది కాదు. సముద్రతీర ప్రాంతాల నుంచి వచ్చే పొట్టులో ఉప్పు ఉంటుంది. ఇటుకను టబ్బులో నానబెట్టి, పొంగాక పాత గుడ్డలో వేసి పిండి, మళ్ళీ మంచినీళ్ళు పోసి పిండండి. రెండు మూడుసార్లు చేస్తే పిండిన నీళ్ళ రంగు తేలికపడుతుంది. ఐదు కిలోల ఇటుక పొంగితే 70 లీటర్ల దాకా వస్తుంది, కొద్ది మొక్కల కోసం అంత పెద్దది కొనకండి.

ఇంకో మాట. తడిసిన 40 లీటర్ల సంచి 40 కిలోల పైనే తూగుతుంది. పెద్ద కుండీలను స్లాబ్ నడిమధ్యలో గుంపుగా పెట్టకుండా గోడల వారగా, కింద బీములు ఉన్నచోట పెట్టండి. ప్రతి కుండీ కిందా ఇటుకలు పెట్టి గాలి ఆడనివ్వండి. అద్దె ఇంట్లో ఉంటే ఓనర్‌తో ముందే మాట్లాడుకోవడం మంచిది, తర్వాత పై కప్పులో చెమ్మ ఎక్కడ కనిపించినా మీ కుండీల మీదికే వస్తుంది.

మొక్క కొనేటప్పుడు

విత్తనాలు కొనకండి. ఆన్‌లైన్‌లో నీలిరంగు స్ట్రాబెర్రీ, నల్ల స్ట్రాబెర్రీ, ఇంద్రధనుస్సు స్ట్రాబెర్రీ అని బొమ్మలు పెట్టి ప్యాకెట్లు అమ్ముతుంటారు. నీలిరంగు స్ట్రాబెర్రీ ప్రపంచంలో ఎక్కడా లేదు. మామూలు ఎర్రవాటి విత్తనాలు నిజమైనవే అయినా మొలవడానికే నెల పట్టవచ్చు, తల్లి మొక్కలాంటి పండు వస్తుందన్న నమ్మకమూ లేదు. పిల్లలు రోజూ కుండీ దగ్గరికి వెళ్ళి చూసి నిరాశపడటం చూస్తే ఈ అమ్మకాల మీద నిజంగా కోపం వస్తుంది.

పిలక మొక్కలు కొనండి. మన దేశంలో స్ట్రాబెర్రీ అంటే మహాబలేశ్వరమే. సతారా జిల్లాలో, సముద్రమట్టానికి 1,300 మీటర్ల పైన ఉన్న ఆ కొండల పంటకు 2010లో జీఐ ట్యాగ్, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక పంటగా గుర్తింపు, కూడా వచ్చింది. అక్కడి రైతులు విదేశాల నుంచి తల్లి మొక్కలు తెప్పించి, వాటి తీగల నుంచి పిలకలు తీసి సెప్టెంబర్, అక్టోబర్లలో నాటుతారు. అదే సమయానికి మన నర్సరీలకూ మొక్కలు వస్తాయి. మనవైపు లంబసింగిలోనూ స్ట్రాబెర్రీ తోటలున్నాయి, చలికాలంలో అటు వెళ్ళేవాళ్ళు చూసే ఉంటారు. రకాల పేర్లలో వింటర్ డాన్, స్వీట్ చార్లీ, కామరోసా ఎక్కువగా వినిపిస్తాయి. వింటర్ డాన్, స్వీట్ చార్లీ త్వరగా కాపుకొస్తాయి కాబట్టి మన చిన్న చలికాలానికి అవే నయం.

కొనేటప్పుడు పండు చూసి మోసపోకండి, మొక్క మొదలు చూడండి. ఆకులన్నీ పుట్టే ఆ లావుపాటి ముడిని క్రౌన్ అంటారు. అది గట్టిగా, పెన్సిల్ కంటే లావుగా ఉండాలి. మధ్యలోంచి లేత ఆకు ఒకటి వస్తూ ఉండాలి. ఆకు తిప్పి చూడండి. అడుగున సన్నటి గూడులాంటి దారాలు, ఎర్రటి చుక్కలు ఉంటే అవి ఎర్రనల్లి. ఆ మొక్క ఉచితంగా ఇచ్చినా ఇంటికి తేవద్దు.

నాటే రోజు

తెచ్చిన మొక్కలను నాలుగైదు రోజులు సగం నీడలో ఉంచండి. షేడ్‌నెట్ కింద పెరిగినవి ఒక్కసారిగా మిద్దె ఎండలో పెడితే వాడిపోతాయి. ఆ తర్వాత ఒక సాయంత్రం నాటండి.

నాటడంలో ముఖ్యమైన విషయం ఒకటే: క్రౌన్ సరిగ్గా మట్టి మట్టానికి ఉండాలి. లోపలికి పూడిస్తే కుళ్ళుతుంది. పైకి తేలితే వేళ్ళు ఎండుతాయి. నాటి నీళ్ళు పోశాక మట్టి కాస్త కిందికి దిగుతుంది, అప్పుడు మళ్ళీ చూసి సరిచేయండి. వరిగడ్డి దొరికితే మొక్క చుట్టూ రెండు అంగుళాల మందాన పరవండి. దొరకకపోతే ఎండుటాకులు, కొబ్బరి పీచు. దీనివల్ల తడి నిలుస్తుంది, పండు మట్టిని తాకదు. మట్టిని తాకిన పండుకు బూడిదరంగు బూజు పట్టడం ఖాయం, ముఖ్యంగా మంచు కురిసే రోజుల్లో.

నాటిన మొదటి మూడు వారాల్లో వచ్చే పూలను తుంచేయాలి. ఇది చేతకాని పని అని చాలామంది అంటారు. తెల్లటి పువ్వు, మధ్యలో పసుపు, ఎలా తుంచుతాం? కానీ వేళ్ళు కుదురుకోకముందే కాయ పడితే మొక్క అక్కడే ఆగిపోతుంది. కళ్ళు మూసుకుని తుంచండి. తీగలు సాగితే అవి కూడా కత్తిరించండి. తీగ, కాయ రెండూ ఒకేసారి పోషించే శక్తి కుండీలో మొక్కకు ఉండదు.

రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. చలికాలపు ఎండ మెత్తనిదే కాబట్టి దాచనక్కర్లేదు. నీళ్ళు ఉదయం పూట, మొక్క మొదట్లో పోయండి. ఆకుల మీద, పూల మీద చల్లకండి. వేలు ఒక కణుపు లోతుకు దించి చూసి, పొడిగా ఉంటేనే పోయాలి. రెండు వారాలకోసారి మంచినీళ్ళో వాననీళ్ళో అడుగు రంధ్రాల నుంచి ధారగా కారేదాకా పోస్తే చేరిన ఉప్పు కొట్టుకుపోతుంది.

ఎరువు విషయంలో చేయి బిగపట్టాలి. పేడ ఎరువు, జీవామృతం ఎక్కువైతే ఆకులు అరిచేయంత వెడల్పు వస్తాయి, పూత మాత్రం రాదు. పక్షానికోసారి గుప్పెడు వర్మీకంపోస్ట్ చాలు. పూత మొదలయ్యాక కాయకు పొటాష్ కావాలి. రసాయన ఎరువులకు అభ్యంతరం లేనివాళ్ళు 13-0-45 (పొటాషియం నైట్రేట్) ను లీటరు నీళ్ళకు ఒక గ్రాము చొప్పున కలిపి రెండు వారాలకోసారి మట్టిలో పోయవచ్చు. కట్టెల బూడిదలో పొటాష్ ఉంటుందని వేస్తుంటారు, అది మట్టిని సున్నపు గుణం వైపు తిప్పుతుంది. మన నీళ్ళే ఆ పని చేస్తున్నాయి, బూడిద కూడా తోడైతే ఆకులు పసుపెక్కుతాయి. ఈ మొక్కకు కొద్దిగా పులుపు గుణమున్న మట్టి, అంటే పీహెచ్ 5.5 నుంచి 6.5 దాకా ఉన్నదే నచ్చుతుంది.

పూత నుంచి పండు దాకా

పువ్వు విచ్చిన దగ్గర్నుంచి పండు ఎరుపెక్కేదాకా సుమారు నెల పడుతుంది. ఈ నెల రోజుల్లోనే సంతోషమూ టెన్షనూ రెండూ ఉంటాయి.

పండు ఒకవైపు ఉబ్బి, ఇంకోవైపు నొక్కుకుపోయి వంకర టింకరగా వస్తోందంటే చాలావరకు పరాగసంపర్కం సరిగా జరగలేదన్నమాట. స్ట్రాబెర్రీ పైన కనిపించే గింజల్లాంటివి ఒక్కోటీ ఒక్కో చిన్న కాయ. పుప్పొడి అందిన గింజ చుట్టూనే గుజ్జు ఊరుతుంది. అందని చోట అలాగే గట్టిగా ఉండిపోతుంది. తేనెటీగలు తిరిగే మిద్దె అయితే మీరు చేయాల్సింది ఏమీ లేదు. పక్కన బంతి, తులసి పెడితే అవే వస్తాయి. ఐదో అంతస్తు బాల్కనీలో ఉండేవాళ్ళు మాత్రం పిల్లల పెయింటింగ్ బ్రష్ మెత్తనిది తీసుకుని, పొద్దున పది, పదకొండు గంటలప్పుడు ప్రతి పువ్వు మధ్యలో మెల్లగా గుండ్రంగా తిప్పండి. పువ్వుకు రెండు మూడు రోజులు వరసగా చేయాలి.

ఎర్రనల్లి వస్తే మొదటి మందు నీళ్ళే. ఉదయం పూట కుండీని వంచి, ఆకుల అడుగుభాగాన్ని పైపుతో గట్టిగా కడగండి. రెండు రోజులకోసారి నాలుగైదు సార్లు. తగ్గకపోతే లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా కుంకుడు రసం కలిపి సాయంత్రం ఆకుల కింద పిచికారీ చేయండి. పేనుబంకకూ ఇదే.

ఇక ఉడుతలు. బెర్రీలు పెంచేవాళ్ళ అసలు కష్టం ఇదే. పండు రేపు కోద్దామనుకున్న రోజు పొద్దున్నే సగం కొరికి వదిలేసి ఉంటుంది. పూర్తిగా తిన్నా బాధ అనిపించదు. పిగిలిపిట్టలు, గోరింకలు, చిలకలు కూడా వస్తాయి కానీ ఉడుతంత నష్టం చేయవు. మెరిసే సీడీలు, గాలికి తిరిగే కాగితాలు వారం రోజులే పనిచేస్తాయి, తర్వాత వాటికి అలవాటైపోతుంది. నమ్మకంగా పనిచేసేవి రెండే. ఒకటి, కుండీల చుట్టూ పీవీసీ పైపులతో చట్రం కట్టి నైలాన్ వల కప్పడం. కింద ఇటుకలతో అంచులు నొక్కిపెట్టాలి, లేకపోతే అది దూరి వస్తుంది. రెండోది, ఫంక్షన్లలో రిటర్న్ గిఫ్ట్ పెట్టి ఇచ్చే పల్చటి నెట్ సంచులు. ప్రతి ఇంట్లోనూ ఓ పాతిక పడి ఉంటాయి. కాయ పిందె కట్టి, రేకులు రాలాక ఒక్కో గెలకు ఒక సంచి తొడిగి దారం లాగండి. పువ్వు మీదే తొడిగితే తేనెటీగ రాలేదు, కాయ పడదు. కాబట్టి రేకులు రాలేదాకా ఆగాలి. కోతులు వచ్చే ప్రాంతమైతే వల కూడా ఆగదు, నాలుగువైపులా ఇనుప మెష్ కట్టడం తప్ప దారి లేదు.

కోయడం

తొడిమ దగ్గర తెల్లటి భుజం కనిపిస్తున్నంతసేపూ కోయకండి. స్ట్రాబెర్రీ మామిడిలా కోశాక మాగదు. గడ్డిలో పెట్టినా, బియ్యంలో పెట్టినా రంగు కాస్త ముదురుతుందేమో కానీ తీపి పెరగదు. దూరం వెళ్ళాల్సిన పండును సగం తెలుపు ఉండగానే కోస్తారు. డబ్బాలో కొన్నది చూడ్డానికి ఎర్రగా ఉన్నా నాలుకకు పుల్లగా, చప్పగా తగలడానికి ముఖ్య కారణం ఇదే. కుండీలో పెంచేవాళ్ళకు ఆ తొందర లేదు. మొత్తం ఎర్రబడ్డాక ఇంకో రోజు ఆగి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కాస్త కాడతో సహా గోరుతో తుంచండి. దగ్గరికి వెళ్ళకముందే వాసన వస్తుంది. ఆ వాసన కోసమే ఇంత శ్రమా పడవచ్చని నేను మనస్ఫూర్తిగా అంటాను.

ఒక్కో మొక్కకు సీజన్ మొత్తంలో పావుకిలో వస్తే బాగా వచ్చినట్టు. నలుగురున్న ఇంటికి వారానికి ఒకసారైనా గిన్నెడు పండ్లు కావాలంటే పది పన్నెండు మొక్కలు వేయండి. రెండు మొక్కలు వేస్తే పండు ఒక్కటి, నోళ్ళు నాలుగు అవుతుంది. తినేముందే కడగాలి, కడిగి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి మెత్తబడతాయి.

మల్బరీ: తక్కువ శ్రమ, ఎక్కువ పండు

నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, రోజూ చూసుకునే తీరిక లేదు అనుకునేవాళ్ళకు నా సలహా మల్బరీ. మదనపల్లె, పలమనేరు, హిందూపురం వైపు పట్టుపురుగుల కోసం ఎకరాలకు ఎకరాలు పెంచే మొక్క ఇది. మన ఎండ దీన్నేమీ చేయదు.

జులైలో వానలు కుదురుకున్నాక పెన్సిల్ లావు కొమ్మను జానెడు పొడవు, మూడు నాలుగు కళ్ళు ఉండేలా కోసి, రెండు కళ్ళు మట్టిలో ఉండేలా గుచ్చండి. నెలన్నరలో వేరు పట్టి చిగురిస్తుంది. అయితే కొమ్మ ఎక్కడిదన్నది ముఖ్యం. పట్టు పరిశ్రమ రకాలు ఆకు కోసం ఎంచినవి, వాటిలో కొన్నింటికి పండ్లు అంతంతమాత్రమే. మీ కళ్ళతో పండ్లు చూసిన చెట్టు కొమ్మే అడిగి తెచ్చుకోండి. ఎవరూ కాదనరు. మల్బరీ ఉన్నవాళ్ళకు కొమ్మలు కత్తిరించి ఎవరికివ్వాలా అన్నదే ఆలోచన. వేలెడు పొడవు పండ్లు కాసే రకం ఇప్పుడు నర్సరీల్లో దొరుకుతోంది, అది ఇంకా తియ్యగా ఉంటుంది.

మొదటి ఏడాది 20 లీటర్ల పెయింట్ బకెట్, తర్వాత 40 లీటర్ల సంచి. సగం ఎర్రమట్టి, సగం పశువుల ఎరువు. అంతే.

కాపు రహస్యమంతా కత్తిరింపులో ఉంది. మల్బరీ పండ్లు కొత్త చిగుళ్ళతో పాటే వస్తాయి. డిసెంబర్ చివర్లోనో, సంక్రాంతి లోపలో కొమ్మలను సగానికి కత్తిరించి, మిగిలిన ఆకులన్నీ దూసేయండి. మొక్క బోసిగా నిలబడి ఉంటే ఇంట్లో పెద్దవాళ్ళు "పచ్చటి మొక్కను ఎందుకమ్మా అలా చేశావు" అని కోప్పడతారు. రెండు మూడు వారాల్లో ప్రతి కంటి నుంచీ చిగురు, చిగురు వెంట పిందెలు. ఫిబ్రవరి చివరికల్లా పండ్లు నల్లబడతాయి. కాపు అయ్యాక మళ్ళీ కత్తిరిస్తే వానాకాలంలో ఇంకో విడత వస్తుంది.

కొమ్మ చివర ఆకులు ముడుచుకుని, మెలిపడి, గుత్తిలా గట్టిపడితే దాన్ని పట్టు రైతులు తుక్ర అంటారు. పిండినల్లి రసం పీల్చడం వల్ల వచ్చేది. మందు వెతక్కండి. ఆ చివర్లను కత్తిరించి సబ్బునీళ్ళ బకెట్‌లో ముంచేయండి. అక్షింతల పురుగులు కనిపిస్తే వాటిని వదిలేయండి, అవి పిండినల్లిని తింటాయి.

మల్బరీ పండు కోసిన పూటకు తప్ప నిలవ ఉండదు, అందుకే మార్కెట్లో అరుదు. నల్లగా మెరుస్తూ, వేలు తగలగానే చేతిలోకి వచ్చేస్తే పండినట్టు. తెల్ల చొక్కాలతో పిల్లల్ని పంపకండి.

కేప్ గూస్‌బెర్రీ

హైదరాబాద్‌లో బండ్ల మీద రస్‌భరీ పేరుతో అమ్మే బంగారు రంగు పండు ఇది. పొలం గట్ల మీద కాగితం బుడ్డలాంటి తొడుగులో కాసే కుప్పంటికి దగ్గరి చుట్టం. మొక్క కొనక్కర్లేదు. బాగా పండినదాన్ని నీళ్ళలో చిదిమి, గింజలు కడిగి ఆరబెట్టి దాచుకుని, జూన్, జులైల్లో టమాటా నారు పోసినట్టే పోయండి. 15 లీటర్ల కుండీ, ఒక ఊతకర్ర చాలు. డిసెంబర్ నుంచి కాయలు. తొడుగు ఎండి గడ్డిరంగుకు మారి, కాయ దానంతటది రాలితేనే తినాలి. పచ్చికాయలో విషగుణం ఉంటుంది, పిల్లలకు ఈ సంగతి గట్టిగా చెప్పండి. తెల్లదోమ ఒక్కటే ఇబ్బంది, వేపనూనెతో అదుపులో ఉంటుంది.

బ్లూబెర్రీ సంగతి

అందరూ అడిగేది దీని గురించే. బ్లూబెర్రీకి పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉన్న బాగా పులుపు మట్టి కావాలి. ఈ సంగతి అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన ఫ్రెడరిక్ కోవిల్ కనిపెట్టేదాకా అక్కడి రైతులకు కూడా దాన్ని పొలంలో పెంచడం తెలియదు. న్యూజెర్సీలో ఎలిజబెత్ వైట్ అనే ఆవిడతో కలిసి ఆయన పండించిన మొదటి పంట మార్కెట్‌కు వెళ్ళింది 1916లో. మన ఎర్రమట్టి, మన బోరు నీళ్ళు ఆ పులుపును నిలవనివ్వవు. నిమ్మరసం, వెనిగర్ కలిపిన నీళ్ళు పోస్తే ఆ రెండు రోజులే తేడా.

రెండో చిక్కు చలి. చాలా రకాలకు చలికాలంలో 7 డిగ్రీల లోపు కొన్ని వందల గంటలు గడవాలి. బిలాక్సీ లాంటి తక్కువ చలి రకాలున్నాయి. పెరూ తీరంలో ఆ రకంతోనే పెద్ద ఎత్తున ఎగుమతి పంట మొదలుపెట్టారు. కానీ అక్కడ ఎండ 40 డిగ్రీలకు పోదు. పట్టుదల ఉన్నవాళ్ళు పీట్‌మాస్ (చిత్తడి నేలల్లో ఏర్పడే పాత నాచు), పైన్ బెరడు కలిపిన 30 లీటర్ల కుండీలో, వాననీళ్ళు మాత్రమే పోస్తూ, ఎండాకాలమంతా షేడ్‌నెట్ కింద పెట్టి ఒక్క మొక్కతో ప్రయత్నించండి. మట్టి అస్సలు కలపకండి. గిన్నెలు నిండుతాయని ఆశపడకండి.

న్యూజెర్సీ, మిషిగన్‌లలో ఉన్న మనవాళ్ళకు మాత్రం ఇదే అన్నిటికంటే తేలిక. ఒకే సమయంలో పూసే రెండు వేర్వేరు రకాలు రెండు కుండీల్లో పెడితే కాయలు పెద్దగా వస్తాయి. గడ్డకట్టే చలిలో కుండీలోని వేళ్ళు నేలలో ఉన్నంత భద్రంగా ఉండవు కాబట్టి, ఆకు రాలాక కుండీలను వేడి పెట్టని గరాజ్‌లోకి జరిపి, మట్టి పూర్తిగా ఎండకుండా అప్పుడప్పుడు కొద్దిగా తడిపితే చాలు.

హోలీ దాటాక

పగలు 35 డిగ్రీలు దాటుతుంటే స్ట్రాబెర్రీ పూత ఆపి తీగలు సాగదీస్తుంది. ఇప్పుడు వాటిని కత్తిరించకండి. బాగా కాసిన రెండు మూడు మొక్కలను ఎంచుకుని, ఒక్కో తీగకు వచ్చే మొదటి పిలకను పక్కన ఒక చిన్న కుండీలో మట్టి మీద ఆనించి, యూ ఆకారంలో వంచిన ఇనుప తీగముక్కతో కదలకుండా గుచ్చండి. మూడు నాలుగు వారాల్లో వేరు పట్టాక తల్లి నుంచి తీగ కోసేయండి.

ఏప్రిల్, మే నెలల్లో ఈ పిలకలను మిద్దె మీద ఉంచకండి. తూర్పు వరండాలోనో, కింద చెట్టు నీడలోనో, ఉదయం ఎండ మాత్రమే తగిలేచోట పెట్టి రెండు పూటలా నీళ్ళు పోయండి. పైన 50 శాతం షేడ్‌నెట్ ఉంటే ఇంకా మంచిది. అన్నీ బతకవు. సగం నిలిచినా మంచిదే, అక్టోబర్‌లో కొనాల్సిన మొక్కలు అన్ని తగ్గుతాయి. వానాకాలంలో కుండీలు చూరు కింద, ధారగా వాన పడనిచోట ఉంచండి. రాత్రిపూట టార్చ్‌తో చూసి నత్తల్ని ఏరేయండి. పాత తల్లి మొక్కలు రెండో ఏడు అంత కాయవు, వాటిని తీసి కంపోస్ట్ డబ్బాలో వేసి, ఖాళీ అయిన పెట్టెల్లో ఎండాకాలమంతా గోంగూరో తోటకూరో చల్లుకోవచ్చు. సెప్టెంబర్‌లో ఆ మట్టిని తిరగేసి, కొత్త వర్మీకంపోస్ట్, కడిగిన కొబ్బరిపొట్టు కలిపి, మళ్ళీ ఒకసారి టీడీఎస్ మీటర్‌తో డ్రమ్ములో నీళ్ళు చూసుకోండి.